కలప మిగిలితే ఇల్లు మిగిలినట్టేనా?

జావా సంప్రదాయ ఇళ్ల గురించి రాసేవారు ఎక్కువగా జోగ్లో కప్పు అందాన్నే పొగుడుతారు. అది సగం మాటేనని మేము అంటాం.

జోగ్లో నడుమ నాలుగు టేకు స్తంభాలుంటాయి. వాటిని సాకా గురు అంటారు. వరసలుగా పేర్చిన దూలాలతో ఎత్తైన కప్పును అవే మోస్తాయి. ముందుభాగం పెండోపో. దానికి గోడలుండవు. అతిథులు, సభలు, గామెలాన్ వాద్యాలు, నాట్యం అక్కడే. వెనుక దాలెమ్, కుటుంబం ఉండే చోటు. దాని చివర మూడు గదులు. నడిమిది వరితల్లి దేవి శ్రీది. వెలుతురున్న చావడి ఊరిది, లోపలి చీకటి గది ధాన్యానిది. ఇంటి అర్థం ఈ వరసలోనే ఉంది.

కొయ్యలో కొయ్య దూర్చి కట్టిన ఇల్లు కాబట్టి విప్పి వేరేచోట నిలబెట్టవచ్చు. ఆ నేర్పే దానికి ముప్పయింది. 2006 మే 27న యోగ్యకర్త ప్రాంతంలో వచ్చిన భూకంపానికి కోటగెడేలో ఎన్నో జోగ్లోలు దెబ్బతిన్నాయి. బాగుచేయించుకునే స్తోమత లేక కొందరు అమ్ముకున్నారు. పాత జోగ్లోలు హోటళ్లుగా, రెస్టారెంట్లుగా మారుతున్నాయి. కలప దక్కింది కదా అంటారు. ధాన్యపు గది, ఊరు కూర్చునే చావడి లేనప్పుడు దక్కింది కప్పు మాత్రమే.

ఇంకో లోటు ఉంది. జోగ్లో కలిగినవారి ఇల్లు. సామాన్యులు కట్టుకున్న కంపుంగ్ ఇళ్లను వదిలేసి రాస్తే అది జావా కథ కాదు.

మన ఇళ్ల గురించి రాసే యువత కొలతలతో ఆగిపోవద్దు. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, విత్తనం ఎక్కడ దాస్తారు, వడ్రంగం ఎవరికి వచ్చు అని పెద్దలను అడగండి.