వేటగా మొదలై విలాపంగా ముగిసే యుద్ధం

‘డీమన్ స్లేయర్’ అనిమే మొదటి సీజన్‌లో 15 నుంచి 21 దాకా ఉన్న ఏడు ఎపిసోడ్ల కథ ఒకే కొండ మీద, ఇంచుమించు ఒకే రాత్రిలో నడుస్తుంది. కొండ పేరు నాతగుమో. సాలెపురుగుల్లా దారాలు వదిలే రాక్షస కుటుంబం ఒకటి అక్కడ కాపురం ఉంటోంది. వాళ్లను మట్టుబెట్టడానికి ముగ్గురు కుర్రాళ్లు కొండెక్కుతారు. 2019 ఆగస్టు 10న జపాన్ టీవీలో 19వ ఎపిసోడ్ వచ్చాక ఈ భాగం పేరు దేశదేశాల్లో మారుమోగింది. ఆ ఎపిసోడ్ చివరి నిమిషాలను మాత్రమే ముక్కగా చూసి, అబ్బురపడి, అక్కడితో ఆపేసినవాళ్లు చాలామంది. వాళ్లందరినీ పట్టుకుని మిగతా రెండు ఎపిసోడ్లూ చూపించాలనిపిస్తుంది నాకు. ఎందుకంటే ఈ యుద్ధం గెలుపుతో పూర్తి కాదు. గెలిచాక రాక్షసుడి కథ వినాలి. జపాన్ రంగస్థలం ఆరు వందల ఏళ్ల నుంచి చేస్తూ వచ్చిన పని అది. దాన్ని ఒక టీవీ సీరియల్ ఇంత శ్రద్ధగా అందుకోవడం చిన్న విషయం కాదు.

కొత్తవాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. కొయొహారు గోతోగె గీసిన మాంగా 2016 నుంచి 2020 దాకా ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో వచ్చి 23 సంపుటాలైంది. కాలం తైషో యుగం, అంటే 1912-1926 మధ్య. బొగ్గులు కాల్చి అమ్ముకునే తంజీరో ఊళ్లోకి వెళ్లి వచ్చేసరికి, రాక్షసులకు మూలపురుషుడైన ముజాన్ అతని ఇంటిల్లిపాదినీ చంపేసి ఉంటాడు. చెల్లెలు నెజుకో బతికింది గానీ రాక్షసిగా మారిపోయింది. ఆమెను మళ్లీ మనిషిని చేసే దారి వెతుక్కుంటూ, పెట్టెలో పెట్టి వీపున మోసుకుంటూ తంజీరో రాక్షసులను వేటాడే దళంలో చేరతాడు. దీన్ని తెరకెక్కించింది ఉఫోటేబుల్ స్టూడియో. దర్శకుడు హరువో సొతోజాకి.

సాలెపురుగు రాక్షసుడు జపాన్‌కు కొత్త కాదు. మినమొతో యోరిమిత్సు అనే వీరుడు జబ్బుపడి పడుకున్న రాత్రి ఒక సన్యాసి రూపం గదిలోకి వచ్చి అతని మీద దారాలు విసురుతుంది. వీరుడు కత్తితో నరుకుతాడు. నెత్తుటి చుక్కల జాడ పట్టుకుని అనుచరులు పాత దిబ్బ దగ్గరికి వెళ్లి ఆ పురుగును చంపుతారు. ఈ కథను ‘త్సుచిగుమో’ అనే పేరుతో ‘నో’ అనే సంప్రదాయ నాటకంగా ఇప్పటికీ ఆడతారు. వేషధారి చేతిలోంచి సన్నటి కాగితపు దారాలు ఒక్కసారిగా విచ్చుకుని, వేదికంతా తెల్లగా పరుచుకుంటాయి. చూసేవాళ్లకు అదో పండగ. అందులో పురుగు గోడు ఎవరూ వినరు. అది వేట కథ, వేట కథకు అంతకన్నా అక్కర్లేదు.

నాతగుమో మొదటి ఎపిసోడ్లు ఈ దారినే పడతాయి. దళంలోని సైనికులే దారాలకు చిక్కి తోలుబొమ్మల్లా ఒకరినొకరు నరుక్కుంటుంటారు. ఎముకలు విరిగినా దారం లాగుతుంటే చేయి లేస్తూనే ఉంటుంది. తమను చంపేయమని వాళ్లే వేడుకుంటారు. ఇక్కడ దారాలను గీసిన తీరు చూడండి: వెన్నెల పడినప్పుడే కనిపిస్తాయి, మిగతా సమయంలో ఉన్నాయో లేవో తెలియదు. చీకటిని ఇంత భయంకరంగా వాడుకున్న టీవీ అనిమేలు అరుదు.

ఆ దారాలు లాగుతున్నది ‘తల్లి’ రాక్షసి. తంజీరో కత్తి ఎత్తి దూకేసరికి ఆమె పోరాడదు. చావే నయమనుకుని మెడ అప్పగిస్తుంది. ఆ క్షణంలో తంజీరో తన ఎత్తు మార్చేస్తాడు. అతను నేర్చిన నీటి శ్వాస విద్యలో అయిదో పద్ధతి ఒకటుంది. కరువు తర్వాత కురిసే వాన పేరు దానిది. తలవంచిన శత్రువుకు నొప్పి తెలియకుండా ప్రాణం తీయడానికే దాన్ని వాడతారు. అంతవరకూ తెర మీద నీరంటే సుడులు, ఉప్పెనలు. ఇప్పుడు సన్నటి జల్లు. వేట కథకు మొదటి బీట పడింది ఇక్కడే. తనను చంపుతున్నవాడి కళ్లలో దయ చూసి ఆ రాక్షసి నిశ్చింతగా పోతుంది. పోతూ పోతూ, కొండ మీద అసలు ప్రమాదం ఎవరో అతనికి చెబుతుంది.

ఇక బొమ్మలు కదిలే విద్య గురించి చెప్పుకోవాలి, అది లేకుండా ఈ భాగం విలువ తేలదు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ప్రతి ఫ్రేముకూ ఒక బొమ్మ గీయించాలంటే టీవీ నిర్మాతకు తరం కాదు. 1963 జనవరి 1న ఒసాము తెజుకా ‘తెత్సువాన్ అతోము’ వారం వారం ప్రసారం మొదలైనప్పటి నుంచి జపాన్ స్టూడియోలు పొదుపును పద్ధతిగా మార్చుకున్నాయి. ఒక బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపోతుంది. మాట్లాడేటప్పుడు పెదవులు మాత్రమే ఆడతాయి, ముఖం కదలదు. ముఖ్యమైన భంగిమలను కీ యానిమేటర్లు గీస్తారు, వాటి మధ్యనున్న కదలికను మరికొందరు పూరిస్తారు. యానిమేషన్ డైరెక్టర్ అన్నిటినీ చూసి ముఖాలను, గీతను ఒక దారికి తెస్తాడు. ఇలా ఇరవై నిమిషాలు మిగిల్చిందంతా తెచ్చి కొన్ని సెకన్ల మీద గుమ్మరిస్తారు. అభిమానులు సకుగా అని మురిసిపోయేది ఆ సెకన్లనే. కాబట్టి ఒక అనిమేను అంచనా వేయాలంటే నేను ముందు అడిగేది ఒకటే: కూడబెట్టిన బొమ్మలను ఎక్కడ ఖర్చు పెట్టారు?

17వ ఎపిసోడ్‌లో జెనిత్సు పోరాటం దీనికి మంచి పాఠం. కొండెక్కిన ముగ్గురిలో ఒకడైన జెనిత్సు పిరికివాడు. పిడుగు శ్వాసలోని ఆరు పద్ధతుల్లో అతనికి ఒక్కటే పట్టుబడింది. ఒక్కటే వస్తే ఆ ఒక్కదాన్నే సానబెట్టు, ఇనుమును సాగగొట్టినట్టు నిన్ను నువ్వు సాగగొట్టుకో అని తాతలాంటి గురువు నూరిపోసిన మాటలు, ఒంట్లో విషం ఎక్కుతుండగా గుర్తొస్తాయి. ఆ జ్ఞాపకమంతా దాదాపు కదలని బొమ్మలే. తర్వాత అతను వంగి కత్తి మీద చేయి వేస్తాడు. గాలి కూడా ఆగుతుంది. అప్పుడు పిడుగు: అదే ఎత్తు, వెంటవెంటనే ఆరుసార్లు, చెట్టు నుంచి చెట్టుకు పసుపుపచ్చ గీతలు గీసుకుంటూ. ఆ వేగం మనకు తగలడానికి కారణం దాని ముందున్న నిశ్చలత. డబ్బులేమి కనిపెట్టిన పద్ధతి ఇక్కడ లయగా మారింది.

తంజీరో కత్తి వెంట వచ్చే నీరు నిజం నీరు కాదు, విద్య బలాన్ని మన కంటికి చూపే బొమ్మ మాత్రమే. అందుకే అది నిజం నీళ్లలా ఉండదు. దళసరి నల్ల గీత, నీలంలో మూడు నాలుగు ఛాయలు, కొసల్లో గోళ్లలా వంకరలు తిరిగిన తెల్ల నురగ. 1831 ప్రాంతాల్లో హొకుసాయి అచ్చొత్తిన కనగావా పెద్ద అలను చూసినవాళ్లకు ఈ గీత పుట్టిల్లు ఎక్కడో చెప్పక్కర్లేదు. చెక్క అచ్చుల్లో కదలకుండా ఉండిపోయిన అలను కదిలించి చూపడం ఉఫోటేబుల్ సాధించిన పని. చేత్తో గీసిన మనుషులనూ నీటినీ, కంప్యూటర్‌లో కట్టిన అడవినీ ఒకే చోటివిలా కనిపించేలా అతికే విభాగాన్ని అనిమే వాళ్లు ఫొటోగ్రఫీ అని పిలుస్తారు. వెలుతురు, పొగమంచు, నిప్పురవ్వలు, కెమెరా ఊపు అక్కడే చేరతాయి. యుయిచి తెరావో నడిపే ఆ విభాగం స్టూడియో సొంతం, బయటి పని కాదు. 2007లో మొదలైన ‘కారా నో క్యోకాయ్’ సినిమాల నుంచి, ‘ఫేట్/జీరో’ మీదుగా చేయి తిరుగుతూ వచ్చింది.

ఆ చేయి పూర్తిగా తిరిగినట్టు కనిపించేది 19వ ఎపిసోడ్‌లో. కొండకు అసలు యజమాని రూయి. చూపుకు తెల్లటి పసివాడు, ముజాన్ కొలువులో అయిదో కింది చంద్రుడు, అంటే దిగువ వరస రాక్షస యోధుల్లో అయిదోవాడు. అతని దారానికి తంజీరో కత్తి విరిగిపోతుంది. నీటి శ్వాసలో చివరి ఎత్తు కూడా చాలదు. చావు ముంచుకొచ్చిన ఆ నిమిషంలో తండ్రి గుర్తొస్తాడు. ఒంట్లో బలం లేని మనిషి, ఏటా ఒక రాత్రి మంచులో తెల్లవార్లూ అగ్నిదేవుడి కగురా నృత్యం చేసేవాడు. ఊపిరి పట్టే తీరు తెలిస్తే అలసట ఉండదని కొడుక్కి చెప్పాడు. అక్కడి నుంచి నీలం నీరు ఎర్రటి మంటగా మారుతుంది, గో షీనా కట్టిన పాట అందుకుంటుంది. గొంతు నమి నకగావాది. మాటల్ని ఆపేసి, అరుపుల్ని వెనక్కి నెట్టి, ఆ పాటనే ముందుకు తేవడం ధైర్యమైన నిర్ణయం. జోలపాటకు దగ్గరగా ఉన్న స్వరం మీద కత్తి తిరుగుతుంటే, కొడుకు పిడికిలి వెనక తల్లీ తండ్రీ నిలబడ్డట్టుంటుంది. స్పృహ తప్పిన నెజుకోను లేపేది కూడా చనిపోయిన తల్లి రూపమే.

అయితే ఇంతకన్నా లోతైన సంగతి 20వ ఎపిసోడ్ తర్వాత గానీ బయటపడదు. రూయి కూడా ఒకప్పుడు జబ్బు పిల్లవాడే. పరుగెత్తి ఎరగడు. నడిస్తేనే ఆయాసం. తంజీరో తండ్రీ నీరసపు మనిషే. ఒకడు బలహీనమైన ఒంటితోనే ఊపిరిని సాధన చేసి నృత్యంగా మలిచి, కొడుక్కి ఇచ్చి పోయాడు. ఇంకొకడికి ముజాన్ వచ్చి రక్తం పోసి ఒక్క రాత్రిలో బలం ఇచ్చాడు, బదులుగా మనుషుల్ని తినమన్నాడు. కొండ మీద కొట్టుకుంటున్నది ఈ రెండు వారసత్వాలు. కథ దీన్ని ఎక్కడా విడమరిచి చెప్పదు. చెప్పకపోవడం వల్లే ఆ మంటకు అంత వేడి.

తంజీరో రూయి తల నరికాడనే మనం అనుకుంటాం. అది గెలుపు కాదు. రూయి తన దారంతో తానే ముందుగా తల తెంపుకున్నాడు, అందుకే చావలేదు. అభిమానులు చప్పట్లు కొట్టే ఆ దృశ్యం చివరికి ఓటమి కావడం ఈ భాగం చేసిన సాహసాల్లో ఒకటి. పని ముగించేది దళంలోని మేటి ఖడ్గవీరుడు గియూ. అతను వచ్చి ఊరికే నిలబడతాడు. నీటి శ్వాసలో తనకు తానుగా కల్పించుకున్న పదకొండో పద్ధతి అది. గాలి పడిపోయిన నీటిలా నిశ్చలం. దారాలన్నీ అతని దగ్గరికొచ్చి తెగి రాలిపోతాయి. అంతకు ముందు ఎపిసోడ్‌లో వందల బొమ్మలు తగలేసిన స్టూడియో, అంతకన్నా గొప్ప కత్తిసాముకు బొమ్మలు దాదాపు వాడలేదు. పొదుపే ఇక్కడ పరాక్రమం.

ఇక అసలు చోటుకు వస్తాం. పద్నాలుగు, పదిహేను శతాబ్దాల్లో జెయామి తీర్చిదిద్దిన నో నాటకాల్లో ఒక తరహా ఉంది. దారిన పోయే సన్యాసికి ఎవరో ఎదురవుతారు. చివరికి అది చచ్చిపోయినవాడి ప్రేతమని తెలుస్తుంది. ప్రేతం తన చావును, తీరని బంధాన్ని ఆడి చూపించి, తన కోసం ప్రార్థించమని వేడుకుంటుంది. జెయామి ‘అత్సుమొరి’లో ఆ సన్యాసి మరెవరో కాదు, 1184 నాటి ఇచినొతాని యుద్ధంలో ఆ కుర్రవాణ్ని చంపినవాడే. చంపినవాడే కూర్చుని విని, ప్రార్థిస్తాడు. నాతగుమోలో రూయి కూలిపోతున్నప్పుడు జరిగేది అచ్చం ఇదేనని నా నమ్మకం. తల లేని ఆ చిన్న శరీరం తడుముకుంటూ తంజీరో వైపు వస్తుంది. తంజీరో ముక్కు మనుషుల భావాలను కూడా పసిగడుతుంది. ఇంత చిన్న ఒంట్లోంచి ఇంత దుఃఖమా అని అతను వీపు మీద చేయి వేస్తాడు. ఆ వెచ్చదనానికి రూయికి మరచిపోయినదంతా గుర్తొస్తుంది. ఏట్లో కొట్టుకుపోతున్న బిడ్డను కాపాడి ప్రాణం వదిలిన తల్లో తండ్రో ఉన్నారని ఒకప్పుడు విని, బంధమంటే అదేననుకున్నాడు. తన తండ్రి మాత్రం తన మీదికే కత్తి ఎత్తాడు. ఇద్దరినీ చంపేశాడు. చంపాక అర్థమైంది, కొడుకు పాపాన్ని పంచుకుని తామూ వెంట చావడానికే వాళ్లు సిద్ధపడ్డారని. అందుకే ఈ కొండ మీద భయపెట్టి ఒక కుటుంబాన్ని కట్టుకున్నాడు. దొంగ తల్లి, దొంగ తండ్రి, దొంగ అక్క. నరకానికైనా తోడొస్తామంటూ అసలు అమ్మానాన్నలు ఎదురు రావడంతో అతని కథ ముగుస్తుంది.

మిగిలిన బట్టల మీద గియూ కాలు వేసి, రాక్షసుల మీద జాలి పడొద్దంటాడు. తంజీరో కాలు తీయమంటాడు. చంపడానికి తాను వెనకాడనని, కానీ వీళ్లూ ఒకప్పుడు మనుషులేనని అతని వాదన. వేట కథ గియూ వైపుంది, ప్రేత కథ తంజీరో వైపుంది. రెండింటినీ ఒకే చోట నిలబెట్టి ఏదీ అబద్ధం కాకుండా చూసుకుంది ఈ భాగం.

లోపాలు లేవనను. జెనిత్సు ఏడుపులు, కేకలు తొలి ఎపిసోడ్లలో కూడబెట్టిన భయాన్ని మాటిమాటికీ చెల్లాచెదురు చేస్తాయి. బొమ్మ చెప్పేసిన సంగతిని తంజీరో మనసులో మళ్లీ మాటలుగా చెప్పుకుంటాడు. అతనికి గొంతిచ్చిన నత్సుకి హనాయె ఎంత బాగా పలికినా అది బరువే. మాంగాలో పాఠకుడు ఒక్క చూపులో దాటేసే ఆ గళ్లు తెర మీద సాగదీసినట్టుంటాయి. రూయి దగ్గర అంత విన్న కథ ‘తండ్రి’ సాలెపురుగును ఉత్త మొరటు జంతువుగా వదిలేసింది. ఎవరి గోడు వినాలో ఎవరిది అక్కర్లేదో కథకుడే తేల్చేస్తే, తంజీరో వాదన కొంత పలచబడదా?

2020లో వచ్చిన ‘ముగెన్ ట్రెయిన్’ సినిమా 4,000 కోట్ల యెన్లకు పైగా వసూలు చేసి జపాన్ రికార్డులన్నీ తిరగరాసింది. 2025 సెప్టెంబరు 12న ‘ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు మాటలతో మన థియేటర్లకూ వచ్చింది. రెండున్నర గంటల ఆ సినిమాలో, హోరాహోరీ పోరు నడుమ అకాజా అనే రాక్షసుడి గతం తెరుచుకుని అంతసేపు సాగడం చూసి, కథ ఆగిపోయిందేమిటని విసుక్కున్న ప్రేక్షకులున్నారు. వాళ్లు నాతగుమో ఏడు ఎపిసోడ్లూ వరసగా చూడాలని నా కోరిక. అక్కడ రూయికి దొరికినవి కొద్ది నిమిషాలే, అకాజాకు దొరికింది అంతకు ఎన్నో రెట్లు. బిగువులో రూయి కథదే పైచేయి. ఒకే కొండ, ఒకే రాత్రి అన్న హద్దు దానికి ఆ బిగువును ఇచ్చింది.