నీలకాంతికి మూలికల మందు: నిజమెంత?

ఫోను, కంప్యూటరు తెరల నుండి వచ్చే నీలకాంతి కంటిని దెబ్బతీస్తుందనీ, మొక్కల సారంతో చేసిన గుళికలు మింగితే ఆ హాని తప్పుతుందనీ ప్రకటనలు విరివిగా వస్తున్నవి. ఇట్టి గుళికలలో తరచు కనిపించేది లూటీన్ అనే పసుపుపచ్చని వర్ణద్రవ్యం. దీనిని బంతిపూల నుండి తీస్తారు. దసరాకు తెలుగువారి గుమ్మాలకు తోరణాలుగా కట్టే పూలే ఇవి.

ఈ వాదానికి ఆధారం బొత్తిగా లేకపోలేదు. నీలకాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుండి 500 నానోమీటర్లు. తీవ్రమైన నీలకాంతి కోతుల నేత్రపటలాన్ని పాడుచేయగలదని 1976లో విలియమ్ హామ్, ఆయన సహచరులు చూపించినారు. లూటీన్ నేత్రపటలం నడుమనున్న పచ్చచుక్కలో సహజంగానే ఉండి, నీలకాంతిని కొంత పీల్చుకొంటుంది. శరీరం దీనిని తయారు చేసుకోలేదు. ఆహారం నుండే రావాలి. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ తరువాతి మెట్టులో ఉన్నది. మూలికాసారాలకు చూపే ఋజువులలో చాలభాగం గాజుపాత్రలో పెంచిన కణాలపైన, ఎలుకలపైన చేసిన ప్రయోగాలే. పాత్రలో సారం కణాలకు నేరుగా తగులుతుంది. మింగిన గుళిక జీర్ణమై, కాలేయం దాటి, రక్తంలో కలిసిన పిమ్మట ఏ కొంచెమో కంటికి చేరుతుంది. పైగా పగటి ఆకాశపు వెలుగు ముందు తెరల కాంతి చాల స్వల్పం. అది మనుష్యుల నేత్రపటలాన్ని చెరచినట్లు ఋజువు కాలేదు. ఋజువు కాని హానికి మందు గుణమిచ్చినదని చెప్పడమెట్లు?

మనుష్యులపై జరిగిన పెద్ద పరీక్ష ఒకటి ఉన్నది. అమెరికాలో వయసు మీరి పచ్చచుక్క క్షీణిస్తున్న 4,203 మందిపై జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2013లో వెలువడినవి. విటమినులు, జింకు గల మాత్రలకు తోడుగా రోజుకు 10 మిల్లీగ్రాముల లూటీన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ ఇచ్చినా, మొత్తంమీద వ్యాధి ముదరడం అదనంగా తగ్గలేదు. అయితే పొగత్రాగే అలవాటున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పును పెంచే బీటాకెరొటిన్‌కు బదులు లూటీన్ వాడవచ్చునని తేలినది. ఈ లాభం కూడ రోగులకు సంబంధించినదే గాని, తెరముందు చదువుకొనే విద్యార్థికి సంబంధించినది కాదు.

విద్యార్థి కన్ను అలసేది ముఖ్యంగా రెప్పపాటు తగ్గి కన్ను ఆరడంవల్ల, చూపును దగ్గరనే నిలపడంవల్ల. దానికి మందు విరామమే. ఇక లూటీన్ కావలెనంటే తోటకూర, పాలకూర, మునగాకు ఉండనే ఉన్నవి.

ప్రకటన కనబడినప్పుడు విద్యార్థులు మూడు ప్రశ్నలు వేయాలి. ప్రయోగం కణాలపైనా, మనుష్యులపైనా? మోతాదు ఎంత? మందులేని మాత్ర ఇచ్చిన వారితో పోల్చి చూచినారా? వీటికి జవాబు లేనిచోట బంతిపువ్వు తోరణానికే అందం.