పడిపోయిన చేతికి పని నేర్పేవాళ్లు

పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటితే ఇక కదలిక రాదన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఫిజియోథెరపిస్టులు ఆ మాటను అంత తేలిగ్గా నమ్మరు.

అమెరికాలోని అలబామాలో ఎడ్వర్డ్ టౌబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతినే చూడండి. బాగున్న చేతికి మందపాటి తొడుగు వేసేస్తారు. ఇక అన్నం కలపాలన్నా, బొత్తాం పెట్టుకోవాలన్నా పడిపోయిన చెయ్యే దిక్కు. వినడానికి నిర్దయగా ఉంటుంది, నిజమే! అయితే ప్రయత్నించి ఓడిపోయిన చెయ్యి, శక్తి కొంత తిరిగొచ్చాక కూడా వాడకుండా ఉండటానికే అలవాటు పడుతుందని టౌబ్ వాదన. ఈ పద్ధతిపై జరిగి, 2006లో ఫలితాలు వెలువడిన ఎక్సైట్ అధ్యయనంలో 222 మంది పాల్గొన్నారు. అందరికీ పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైంది. రెండు వారాలు ఇలా సాధన చేసినవాళ్లు మిగతావారి కంటే చేతిని మెరుగ్గా వాడారు. ఆ మేలు ఏడాది తర్వాత కూడా నిలిచింది. ఏళ్లు గడిచినవారికీ ఉపయోగం ఉంటుందని టౌబ్ 1993లోనే కొద్దిమందితో చూపాడు.

అసలు పనితనం తొడుగులో లేదు.

గింజలు ఏరించాలా, క్లిప్పు నొక్కించాలా, గ్లాసు ఇంకో అంగుళం దూరం జరపాలా? రోగి విసిగిపోకుండా, తేలిగ్గానూ అయిపోకుండా ఆ కొలత పట్టుకోవడమే ఫిజియోథెరపిస్టుల విద్య. వాలిపోయిన చెయ్యి పట్టుకుని లాగొద్దని, భుజం కీలు జారుతుందని ఇంట్లోవాళ్లకు చెప్పేదీ వాళ్లే.

మణికట్టు, వేళ్లు కొంచెమైనా తెరుచుకోనివారికి ఈ తొడుగు పద్ధతి సాధారణంగా సరిపడదు. ఏడాది దాటిందని మీ ఇంట్లో ఎవరి సాధనైనా ఆపేసి ఉంటే, ఒకసారి ఫిజియోథెరపిస్టుకు చూపించండి.