మూత్రపిండములో అయానుల జాడ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతమున మూత్రపిండవ్యాధి విస్తరించుటకు కారణమేమని ఏళ్ల తరబడి అన్వేషణ జరుగుచున్నది. బావినీటిని పరీక్షించుట సులభమే. కాని నీటిలోని పదార్థము శరీరములో ప్రవేశించి మూత్రపిండపు ఏ కణములో నిలిచినదో నీటిపరీక్ష చెప్పజాలదు. దానిని చెప్పగలదని పేరుపొందిన పద్ధతి ఎక్స్-కిరణ సూక్ష్మవిశ్లేషణ. ఆ పేరు ఎంతవరకు సార్థకము?

రేమండ్ కాస్తేన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1951లో పారిస్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసముతో ఈ పద్ధతికి పునాది వేసెను. సన్నని ఎలక్ట్రాను పుంజము పదార్థముపై పడినపుడు పరమాణువు లోపలి కక్ష్యనుండి ఒక ఎలక్ట్రాను ఎగిరిపోవును; పై కక్ష్యలోనిది ఆ ఖాళీలోనికి దిగును. అప్పుడు వెలువడు ఎక్స్-కిరణపు శక్తి ఆ మూలకమునకు వేలిముద్ర వంటిది. సోడియమునకు అది 1.04, పొటాసియమునకు 3.31 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు.

చిక్కంతయు యంత్రములో కాదు, ముక్కను సిద్ధపరచుటలో ఉన్నది. బ్రతికియున్న కణములో పొటాసియము ఎక్కువ. వెలుపల సోడియము ఎక్కువ. ఫార్మలిన్‌లో వేయగానే కణపు పొర పట్టు సడలి ఈ భేదము చెరిగిపోవును. అయానులు ద్రావణములోనికి జారుకొనును. ఊరగాయ ముక్కను చూచి పచ్చికాయలో ఉప్పెంత యుండెనో చెప్పబోవుట వంటిదే ఇది!

అందుచేతనే మ్యూనిక్‌లో థురావు, డోర్గె, రిక్, బెక్ మొదలగువారు 1970, 1980 దశకములలో ఎలుక మూత్రపిండమును తటాలున గడ్డకట్టించి, ఆ చలిలోనే పలుచని పొరలుగా కోసి, ఆరబెట్టి పరిశీలించిరి. రక్తప్రసారము ఆగినపుడు, వడిసిన ద్రవమును తిరిగి పీల్చుకొను నాళికల కణములలో సోడియము పెరిగి పొటాసియము తగ్గుట అట్లు బయటపడినది. ఈ పద్ధతి ఘనత ఇక్కడ కనబడును.

అయినను ‘అయానులను గుర్తించుట’ అను మాట కొంత అతిశయోక్తియే. యంత్రము లెక్కించునది మూలకములను మాత్రమే. కాల్షియము స్వేచ్ఛగా తిరుగు అయానో, ప్రోటీనును అంటిపెట్టుకొన్నదో అది ఎరుగదు. పైగా పొటాసియము రెండవ రేఖ 3.59 వద్ద, కాల్షియము మొదటి రేఖ 3.69 వద్ద ఉన్నవి. పొటాసియము దండిగా నున్న కణములో కాల్షియము కొలతను అనుమానముతోనే చూడవలెను.

ఆస్పత్రులలో సూదితో తీసిన మూత్రపిండపు ముక్కలను సాధారణముగా ఫార్మలిన్‌లోనే భద్రపరతురు. వానిలో సోడియమును, పొటాసియమును వెదకుట వృథా. కరగని కాల్షియము ఫాస్ఫేటు నిక్షేపములు, సిలికా రేణువులు మాత్రము చాలవరకు ఉన్నచోటనే నిలుచును. పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రము ప్రారంభమైనది. అటువంటి చోట ఈ పద్ధతిని చేపట్టదలచినచో, ఖరీదైన సూక్ష్మదర్శినికంటె ముందు, ముక్క తీసిన గదిలోనే దానిని గడ్డకట్టించు ఏర్పాటు ఉండవలెను.