169 చుక్కల నిమ్మళం

జహీరాబాద్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకు కూడా ముంబై రోడ్డు మీద లారీలు ఆగవు. ఇంకో గంట గడిస్తే ఆటోలు, స్కూలు బస్సులు, టిఫిన్ సెంటర్ల పొయ్యిల బుసబుసలు. మనలో చాలామందికి ఈ చప్పుడు అలవాటైపోయింది. మా అక్క కూతురికి కాలేదు. మిక్సీ తిరిగితే చెవులు మూసుకుంటుంది. కుక్కర్ కూత పెడితే మంచం కిందకు దూరుతుంది. చూపు, చప్పుడు, వాసన అన్నీ ఒక్కసారిగా మీద పడితే తట్టుకోలేని మనుషులుంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఇది నిత్యం ఉండే బాధ. ఆటిజం లేనివాళ్లనూ వదలదు.

ఆ పిల్లకు నిమ్మళం దొరికిన చోటు మా పెద్దమ్మ వాకిలి.

పెద్దమ్మ చేతి గురించి చెప్పమంటే నాకు మాటలు చాలవు. ధనుర్మాసం వచ్చిందంటే పొద్దుగాల లేచి సాన్పి చల్లి, తడి సగం ఆరేదాకా గడప మీద కూర్చుంటుంది. తడి ఎక్కువైతే పిండిని నేల మింగేస్తుంది, పూర్తిగా ఆరితే పిండి గాలికి లేస్తుంది. ఆ నడిమి సమయం ఆమెకు అరికాలితో తెలుస్తుంది. మా దిక్కు నేల ఎర్రది. తడిసిన ఎర్రమన్ను మీద తెల్లటి గీత పడితే కంటికి ఇక వేరేదేదీ ఆనదు.

ఆమెకు ఇష్టమైనది 15 చుక్కల ముగ్గు, 8 వచ్చేవరకు సందు చుక్క. నడుమ వరుసలో 15, దానికి పైనా కిందా 14, ఆపైన 13, అలా తగ్గుతూ 8 దాకా. లెక్కేస్తే 169 చుక్కలు. దారం పట్టదు, కొలత పెట్టదు. వంగి వెనక్కి నడుస్తూ పెట్టుకుంటూ పోతుంది, చివరి చుక్క పడేసరికి ఆరు మూలలూ తేనెపట్టు గదిలా సమంగా నిలుస్తాయి. ఒకసారి సగంలో కరెంటు పోయింది. ఆమె ఆగలేదు. తెల్లారాక చూస్తే ఒక్క చుక్క కూడా మెలిక బయట మిగల్లేదు. మూడు వేళ్ల నడుమ నుంచి పిండి వదిలి రెండు గీతలు ఒకేసారి లాగడం నేను ఆమె దగ్గరే చూశాను. ఆ రెంటి మధ్య ఎడం మొదటి నుంచి చివరిదాకా మారదు. ఇంత గొప్ప చేతికి సన్మానం చేసిన సభ ఒక్కటీ లేదు.

పిండి అంటే ఇప్పుడు ముగ్గురాయి దంచిన పొడి. వెనకట బియ్యప్పిండి వేసేవాళ్లు, చీమలకు మేత కావాలని. ఈ ముగ్గు ఎన్నాళ్ల నాటిదని అడిగితే పెద్దలు పురాణాల దాకా వెళతారు. నాకు ఆ మాట చాలు.

అసలు పనితనం వేళ్లలో ఉంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య చిటికెడు పట్టి, బొటనవేలిని చూపుడువేలి మీద మెల్లగా జరపాలి. చేయి వేగం, పిండి జారే వేగం కలవాలి. తొందరపడితే గీత తెగుతుంది, జంకితే కుప్ప పడుతుంది. మొదటి రోజు పిల్లకు చేతినిండా కుప్పలే. "సప్పుడు దిక్కు సూడకు బిడ్డా, సుక్కలు లెక్కవెట్టు" అంది పెద్దమ్మ. నాలుగు చుక్కల దగ్గర మొదలైన లెక్క నెల తిరిగేసరికి తొమ్మిదికి వచ్చింది. ఒకనాడు లారీ హారన్ గట్టిగా మోగింది. పిల్ల భుజాలు బిగుసుకున్నాయి. చేయి మాత్రం అయిదో చుక్క దగ్గర ఆగి, ఊపిరి వదిలి, ఆరో చుక్క చుట్టూ తిరిగింది. ఆ చిన్న మెలిక ఇప్పటికీ నా కళ్లముందుంది. ముగ్గు వైద్యం కాదు, వైద్యుడు చెప్పింది చేయాల్సిందే. కానీ ఆ నిమిషం ఆ పిల్లకు ఆ నేలే ఆసరా.

ఇక్కడ నా పక్షం దాచుకోను. నేను చుక్కల మనిషిని. చుక్కల్లేకుండా తోచినట్టు గీసే రంగవల్లులు అందంగా ఉంటాయి, కాదనను. కానీ కలత పడ్డ మనసుకు ఖాళీ నేల కూడా బరువే. ఎక్కడ మొదలుపెట్టాలో అదే తేల్చుకోవాలి కదా! చుక్క ఆ బరువు దించుతుంది. 2005లో అమెరికాలో కరీ, కాసర్ అనే ఇద్దరు పరిశోధకులు 84 మంది విద్యార్థులతో ఒక చిన్న ప్రయోగం చేశారు. గీసిపెట్టిన మండలాలకు, గళ్లకు రంగులద్దినవాళ్లలో ఆందోళన తగ్గింది. తెల్లకాగితం మీద ఇష్టమొచ్చినట్టు రంగులేసినవాళ్లలో అలా తగ్గలేదు. పెద్దమ్మ వినుంటే ఇందులో వింతేముంది అనేది.

పిల్లలకు నేర్పడానికి నేను మూడు వరుసల్లో నాలుగేసి చుక్కలు పెడతాను. ప్రతి రెండు చుక్కల సందులోనూ గీత గీతను దాటాలి, అంచుకు చేరినప్పుడే వెనక్కి తిరగాలి. 12 చుక్కలూ చుట్టి ఒకే గీత మొదలైన చోటికి వస్తుంది. అదే నాలుగు వరుసల్లో నాలుగేసి పెట్టండి, ఒక గీత చాలదు, నాలుగు కావాలి. వరుసలెన్నో, వరుసలో చుక్కలెన్నో, ఆ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో గీతలు అన్ని! ఆఫ్రికాలో అంగోలా దేశపు చోక్వేలు ఇసుకలో గీసే సోనా బొమ్మల్లోనూ ఇదే లెక్క. 1974లో మద్రాసులో గిఫ్ట్ సిరోమణి బృందం తమిళుల కోలాలను కంప్యూటర్ శాస్త్రంలోకి తీసుకెళ్లింది. మన మెలికల ముగ్గు ఆ కోలానికి తోబుట్టువే. లోకం ఇంత తలకెత్తుకున్న విద్యను మనం ఏం చేస్తున్నాం?

స్టిక్కర్లు కొంటున్నాం. బజారులో గడప ముందు అతికించే ప్లాస్టిక్ ముగ్గు, పిండి పోసి తట్టే జల్లెడ డబ్బా, గీస్తూ పోయే గొట్టం. చూపుకు ముగ్గే, ఒప్పుకుంటాను. కానీ చుక్క లెక్కపెట్టిన మనసేది? వంగిన నడుమేది? పిండి జారిన వేలేది? ముగ్గులో మనకు మేలు చేసేది బొమ్మ కాదు, వేసే అరగంట. స్టిక్కర్ అరగంటను ఎత్తుకుపోయి బొమ్మను వదిలేస్తుంది. మెరిసే రసాయన రంగులు అంతకన్నా చెడ్డవి. ఆ ఘాటుకు మా పిల్ల ముక్కు మూసుకుని ఇంట్లోకి పరుగెత్తింది.

అన్నిటికన్నా నా కడుపు మండేది సంక్రాంతి ముగ్గుల పోటీలు చూస్తే. నూరుమంది ఆడబిడ్డలు నేల మీద కూర్చుని చుక్కలు పెడుతుంటారు, పక్కనే డీజే బాక్సులు గుండెలదిరేలా మోగుతుంటాయి. మైకులో "పది నిమిషాలే టైముంది" అని కేకలు. మా పిల్లను ఒకసారి అలాంటి పోటీకి తీసుకెళ్లాం. మూడో వరుస పెట్టకముందే పిండి పారేసి చెవులు మూసుకుంది. ముందు వరుసలో ఒక ముసలవ్వ మాత్రం తల ఎత్తకుండా 21 చుక్కల ముగ్గు పూర్తి చేసింది. బహుమతి రంగులు ఎక్కువ పోసిన ముగ్గుకు పోయింది.

జహీరాబాద్‌లో, చుట్టుపక్కల పల్లెల్లో పోటీలు పెట్టే పెద్దలకు నా మనవి ఒక్కటే. ఈ సంక్రాంతికి ముగ్గులు వేసే ఆ గంటసేపు డీజే బంద్ పెట్టండి. ఒక మూలన పిల్లల కోసం కొంత నేల విడిచి సాన్పి చల్లించండి, మూడు వరుసల్లో నాలుగేసి చుక్కలు పెట్టి చూపించడానికి ఒక ముసలవ్వను కూర్చోబెట్టండి. పిండి మేం తెచ్చుకుంటాం.