అతుకు తెలియని గీత

పింగాణీ బంతి చుట్టూ ఒక గీత గీసి, మొదలుపెట్టిన చోటే కలపమంటే చెయ్యి తిరిగిన చిత్రకారులు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఆ పనిని అలవోకగా చేసే చిన్న రోబో పేరు ఎగ్‌బాట్. అమెరికా కళాకారుడు బ్రూస్ షాపిరో 1990లో దీని తొలి నమూనా చేశారు. 2010లో కాలిఫోర్నియాకు చెందిన ఈవిల్ మ్యాడ్ సైంటిస్ట్ లేబొరేటరీస్ దీన్ని ఇంట్లోనే బిగించుకునే కిట్‌గా తెచ్చింది.

దీని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ఉన్నవి అడుగడుగుగా తిరిగే రెండు స్టెప్పర్ మోటార్లు, సర్వో అనే మరో చిన్న మోటారు. ఒక మోటారు బంతిని తిప్పుతుంది. రెండోది పెన్ను పట్టిన చేతిని ఆ కొస నుంచి ఈ కొసకు ఊపుతుంది. సర్వో పెన్నును ఎత్తి దించుతుంది. చేతి ఇరుసు బంతి నడిమికి గురిపెట్టి ఉంటుంది కనుక పెన్ను ఎటు వాలినా మొన దాదాపు నిటారుగానే ఆనుతుంది. కుమ్మరి సారె మీద తిరిగేది మట్టి, నిలకడగా ఉండేది చెయ్యి. ఇక్కడా అదే కిటుకు.

బంతి ఒక చుట్టు తిరగడానికి మోటారు 3200 అడుగులు వేస్తుంది. 10 సెంటీమీటర్ల బంతికి నడుము చుట్టుకొలత 314 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో అడుగు మిల్లీమీటరులో పదో వంతే! చుట్టి వచ్చిన గీత తన మొదలును అతుకు తెలియకుండా కలుసుకునేది అందుకే.

అయితే నగిషీ ఆలోచన మనిషిదే. తెర మీద బొమ్మ చదునుగా ఉంటుంది, బంతి కొసలకు వెళ్లేసరికి అడ్డంగా కుంచించుకుపోతుంది. అక్కడ పువ్వు పువ్వులా కనిపించాలంటే ముందే దాన్ని వెడల్పుగా సాగదీసి గీయాలి. రంగు సంగతీ తెలియాలి. మామూలు మార్కరు సిరా బట్టీ వేడికి కాలిపోతుంది. నీలం నిలవాలంటే కోబాల్టు లాంటి ఖనిజపు రంగు కావాలి. ఒకసారి కాల్చిన మట్టి తడిని ఇట్టే పీల్చేస్తుంది కనుక తడిరంగు వాడితే మొన ఒక్క క్షణం ఆగినా మచ్చ పడుతుంది. ఆ రంగు మీద పారదర్శకమైన గ్లేజు పూసి మళ్లీ కాల్చాలి.

గీతలో నిలకడ యంత్రానిది, మట్టినీ మంటనీ ఎరిగిన తెలివి కళాకారుడిది. పింగాణీ పని నేర్పే ప్రతి చోటా సారె పక్కన ఇలాంటి యంత్రం ఒకటి ఉండాలి.