గ్రాములు లెక్కపెట్టే కార్ల కంపెనీ

ఎనభైల్లో, తొంభైల్లో మన రోడ్ల మీద తిరిగినవాళ్లకు మాజ్దా పేరు కొత్త కాదు. స్వరాజ్ మాజ్దా అని ముందువైపు రాసి ఉండే చిన్న లారీలూ, స్కూలు పిల్లలను చేరవేసే మినీ బస్సులూ గుర్తుండే ఉంటాయి. 1983లో పంజాబ్ ట్రాక్టర్స్‌తో జపాన్ కంపెనీలు మాజ్దా, సుమితోమో చేతులు కలిపితే పుట్టిన సంస్థ అది. మాజ్దా తన కార్లను మాత్రం మన దేశంలో అమ్మలేదు. దాంతో ఈ కంపెనీ అసలు పనితనం మన కారు ప్రియుల్లో చాలామందికి పత్రికల్లో చదివో, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డ బంధువుల కారెక్కో తెలిసినదే.

మామూలు జీతంతో బతికేవాడు కొనగలిగే ధరలో, నడిపేవాడి చేతికీ కాలికీ చెప్పినట్టు వినే కారును తయారు చేయడం ఒక విద్య. ఆ విద్యను మాజ్దా అంత పట్టుదలగా, అంత కాలం సాధన చేసిన కంపెనీ మరొకటి లేదని నా అభిప్రాయం.

ఈ కంపెనీ మూలాలు హిరోషిమాలో ఉన్నాయి. 1920లో అక్కడి వ్యాపారులు కొందరు బిరడా చెక్కతో సరుకు తయారు చేసేందుకు తోయో కార్క్ కోగ్యో అనే కంపెనీ పెట్టారు. మరుసటి ఏడాది దాని పగ్గాలు జుజిరో మత్సుదా చేతికొచ్చాయి. ఆయన జాలరి కొడుకు. పదమూడేళ్ల వయసులో ఒసాకా వెళ్లి కమ్మరి దగ్గర పనికి కుదిరినవాడు. ఇనుము పని తెలిసినవాడికి బిరడాల వ్యాపారం ఎన్నాళ్లు రుచిస్తుంది? కంపెనీని యంత్రాల వైపు తిప్పారు. 1931లో మాజ్దా-గో అనే మూడు చక్రాల సరుకు బండి బయటికొచ్చింది. చిన్న వర్తకుల బండి అది. ఈ కంపెనీ వాహనాల చరిత్ర అలాంటి బండితో మొదలైందన్న సంగతి తర్వాతి కథంతటికీ ముఖ్యం. తక్కువ డబ్బు, తక్కువ ఇనుము, ఎక్కువ ఉపయోగం అన్న లెక్క వాళ్లకు మొదటి రోజు నుంచీ అలవాటు.

1945 ఆగస్టు 6న నగరం మీద అణుబాంబు పడింది. ఆ రోజు మత్సుదా పుట్టినరోజు కూడా. బాంబు పడిన చోటికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, హిజియామా గుట్టకు అవతల ఉండటం వల్ల ఫ్యాక్టరీ కూలిపోకుండా నిలిచింది. గాయపడినవాళ్లకు అందులోనే చికిత్స చేశారు. ప్రభుత్వ కచేరీలు నేలమట్టం కావడంతో హిరోషిమా రాష్ట్ర పాలన కొన్ని నెలలపాటు ఆ ఫ్యాక్టరీ భవనం నుంచే సాగింది. ఆ ఏడాది డిసెంబరులోనే మూడు చక్రాల బండ్ల తయారీ మళ్లీ మొదలుపెట్టారు. బూడిదైన ఊళ్లో ఇటుక, కలప, బియ్యం మోయడానికి వాటి అవసరం ఎంతో ఉండేది. హిరోషిమా జనానికి ఈ కంపెనీ మీద ఉన్న అభిమానం ఆ రోజుల నాటిది.

తొలి కారు 1960లో వచ్చింది. పేరు ఆర్360 కూపే. 356 సీసీ ఇంజన్, 380 కిలోల బరువు, 3 లక్షల యెన్‌ల ధర. బండి చిన్నదే అయినా రూపంలో చవకతనం కనిపించదు. వాలుగా దిగే పైకప్పుతో స్పోర్ట్స్ కారులా ఉంటుంది. బరువు తగ్గితే ధరా తగ్గుతుంది, పరుగూ బాగుంటుంది అన్న సూత్రాన్ని వాళ్లు మొదటి కారులోనే పట్టుకున్నారు.

ఇక రోటరీ ఇంజన్ సంగతి. 1960ల ఆరంభంలో జపాన్ ప్రభుత్వం కార్ల కంపెనీలన్నిటినీ కొద్ది గుంపులుగా కలిపేయాలని ఆలోచించింది. చిన్న కంపెనీలకు అది చావుబతుకుల సమస్య. మరెవరి దగ్గరా లేని విద్య ఒకటి తమ దగ్గర ఉంటే తప్ప బతకలేమని జుజిరో తర్వాత కంపెనీని నడిపిన త్సునేజీ మత్సుదా గ్రహించారు. జర్మనీకి చెందిన ఎన్ఎస్‌యూ కంపెనీ నుంచి 1961లో వాంకెల్ రోటరీ ఇంజన్ లైసెన్సు తెచ్చుకున్నారు.

మామూలు ఇంజన్లో పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. ఆ కదలికను గుండ్రటి కదలికగా మార్చడానికి క్రాంక్ షాఫ్ట్, గాలి రాకపోకలకు వాల్వులు, వాటిని తెరిచి మూయడానికి ఇంకొన్ని భాగాలు కావాలి. రోటరీలో పిస్టన్లూ వాల్వులూ ఉండవు. రుబ్బురోట్లో పొత్రం తన చుట్టూ తాను తిరుగుతూనే గుంట అంచు వెంట కూడా తిరుగుతుంది కదా, ఇందులో మూడు మూలల రోటరు కూడా గదిలో అలాగే తిరుగుతుంది. తిరిగేకొద్దీ దానికీ గోడకూ మధ్య ఖాళీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఖాళీలోనే గాలీ పెట్రోలూ చేరడం, నొక్కుకుపోవడం, మండడం, పొగగా బయటికి పోవడం వరుసగా జరిగిపోతాయి. ఇంజన్ చిన్నది, తేలిక, అదురు తక్కువ. స్పోర్ట్స్ కారుకు ఇంతకన్నా ఏం కావాలి?

చిక్కంతా రోటరు మూలల దగ్గర వచ్చింది. అక్కడ బిగించిన సీళ్లు గోడను రాస్తూ తిరిగేసరికి లోపలి గోడంతా అలలుగా గీతలు పడేది. ఇంజనీర్లు వాటిని దయ్యం గోటి గీతలనేవాళ్లు. 1963లో కెనిచి యమమోతో నాయకత్వంలో 47 మందితో ఒక బృందాన్ని వేశారు. జపాన్ వాళ్లు తరతరాలుగా చెప్పుకునే 47 మంది రోనిన్ల, అంటే ఏలిక లేని సమురాయ్ యోధుల, కథ అందరికీ వెంటనే గుర్తొచ్చే సంఖ్య అది. లోహం రకాలు మార్చి చూశారు, సీళ్ల ఆకారం మార్చి చూశారు. చివరికి కార్బన్‌లో అల్యూమినియం కలిపి చేసిన సీలు నిలబడింది. 1967లో రెండు రోటర్ల కాస్మో స్పోర్ట్ అమ్మకానికొచ్చింది. మరుసటి ఏడాది జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో 84 గంటలపాటు ఏకధాటిగా సాగిన పోటీకి రెండు కాస్మోలను పంపితే, ఒకటి నాలుగో స్థానంలో నిలిచింది. కొత్త రకం ఇంజన్ గట్టిదనానికి అంతకన్నా పెద్ద పరీక్ష ఆ రోజుల్లో లేదు.

1973 చమురు సంక్షోభం కంపెనీని కుదిపేసింది. రోటరీ పెట్రోలు ఎక్కువ తాగుతుందన్న పేరు అమెరికాలో అమ్మకాలను పడగొట్టింది. సుమితోమో బ్యాంకు ఆదుకుంది. ఫ్యాక్టరీ కార్మికులు షోరూములకు వెళ్లి కార్లు అమ్మారు. 1979లో ఫోర్డ్ పావు వంతు వాటా కొంది. ఇంత కష్టంలోనూ రోటరీని వదల్లేదు. 1978లో వచ్చిన ఆర్ఎక్స్-7 ఆ పట్టుదలకు ఫలం. ఇంజన్ చిన్నది కావడంతో దాన్ని ముందు ఇరుసుకు వెనక, కారు నడుమకు దగ్గరగా జరిపి అమర్చగలిగారు. సుమారు టన్ను బరువు కారు, పోర్షే కొనే స్తోమత లేనివాడికి అలాంటి పరుగును చూపించింది.

1991లో ఫ్రాన్స్‌లో జరిగిన 24 గంటల లె మాన్స్ పందెంలో నారింజ, ఆకుపచ్చ రంగుల 787బి గెలిచింది. నాలుగు రోటర్ల ఇంజన్, నడిపింది ఫోల్కర్ వైడ్లర్, జానీ హెర్బర్ట్, బెర్ట్రాండ్ గషో. ఆ పందెం గెలిచిన తొలి జపాన్ కంపెనీ మాజ్దా. 2018లో టొయోటా గెలిచేవరకూ ఏకైక జపాన్ కంపెనీ కూడా అదే. మెర్సిడెస్, జాగ్వార్ కార్లు 1,000 కిలోల బరువుతో పరుగెత్తితే నిబంధనల ప్రకారం 787బికి 830 కిలోలు చాలాయి. చివరి గంటలు వరసగా నడిపిన హెర్బర్ట్ సొమ్మసిల్లి, విజేతల వేదిక ఎక్కలేకపోయాడు.

అయినా మాజ్దా గొప్పదనం ఎక్కడుందని అడిగితే నేను లె మాన్స్ వైపు చూపించను. రెండే సీట్లు, తెరిచి మూసే గుడ్డ కప్పు, 1600 సీసీ మామూలు పిస్టన్ ఇంజన్ ఉన్న ఒక చిన్న కారు వైపు చూపిస్తాను. జపాన్‌లో అది రోడ్‌స్టర్, అమెరికాలో మియాటా, మిగతా చోట్ల ఎంఎక్స్-5.

1980 నాటికి ఎంజీ, ట్రయంఫ్ లాంటి చవక బ్రిటిష్ ఓపెన్ టాప్ కార్లు కనుమరుగవుతున్నాయి. ఆయిలు కారడం, కరెంటు పనులు మొరాయించడం వాటికి మామూలే. పొగ నియమాలు, భద్రతా నియమాలు కఠినమయ్యేసరికి వాటి కథ ముగిసింది. అలాంటి కారును మళ్లీ ఎవరైనా చేయాలని 1979లో అమెరికన్ పాత్రికేయుడు బాబ్ హాల్ యమమోతోతో అన్నారు. రోటరీ బృందాన్ని నడిపిన ఆ యమమోతోయే. తర్వాత ఆయన ఒక ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌ను హకోనే కొండదారుల్లో నడిపి చూశారు. 1984లో కంపెనీ అధ్యక్షుడయ్యారు. ఇంజన్ ముందు, నడిపే చక్రాలు వెనక అన్న పాత పద్ధతిలో కాలిఫోర్నియా బృందం గీసిన నమూనా ఎంపికైంది. దాన్ని కారుగా మలిచే బాధ్యత తోషిహికో హిరాయ్ చేతిలో పడింది.

గుర్రం మీద దౌడు తీస్తూ బాణం వేసే జపాన్ విద్య యబుసమే. రౌతు రెండు చేతులూ విల్లు మీదే ఉంటాయి, గుర్రం అతని మనసు తెలుసుకుని పరుగెత్తాలి. హిరాయ్ బృందం ఆ పొందికను లక్ష్యంగా పెట్టుకుంది. జపాన్ భాషలో దాన్ని జిన్బా ఇత్తాయ్ అంటారు. అలాంటి పొందికను ఇనుముతో, రబ్బరుతో ఎలా సాధించారన్నదే నన్ను ఎక్కువగా ఆకట్టుకునే విషయం.

ముందుగా బరువును 940 కిలోల దగ్గర కట్టడి చేశారు. బానెట్‌కు అల్యూమినియం వాడారు. బ్యాటరీని డిక్కీలో పెట్టి ముందు వెనకల బరువు సమం చేశారు. కారు రెండు కొసల్లో బరువు వేలాడితే మలుపు తిరగడానికి బద్ధకిస్తుంది. అదే బరువు నడుమ చేరితే స్టీరింగ్ కాస్త తిప్పగానే ముక్కు తిరుగుతుంది. తర్వాత గేర్ బాక్సునూ వెనక డిఫరెన్షియల్‌నూ పొడవాటి అల్యూమినియం చట్రంతో కలిపి బిగించారు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ రెండూ అటూ ఇటూ ఊగవు కాబట్టి పాదం చెప్పిన మాట ఆలస్యం లేకుండా చక్రానికి అందుతుంది. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఇచ్చారు. మలుపులో బాడీ పక్కకు ఒరిగినా టైరు రోడ్డును నిండుగా పట్టుకుని ఉండటానికి ఆ ఏర్పాటు. ఖరీదైన కార్లకు పెట్టే సరంజామా అది. గేర్ రాడ్ పొట్టిది, మణికట్టు విదిలిస్తే చాలు గేరు పడుతుంది. సైలెన్సర్ చప్పుడును కూడా వీణ శ్రుతి చేసినంత శ్రద్ధగా సవరించారు.

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో చూపించారు. అమెరికాలో ధర 13,800 డాలర్లు, జపాన్‌లో 17 లక్షల యెన్‌లు. జపాన్ మోడల్ శక్తి 120 గుర్రాలే. దానికన్నా వేగంగా పోయే కార్లు ఆనాడే చాలా ఉండేవి. అయినా ఆ కారు కోసం జనం వరస కట్టారు. ఎందుకంటే గంటకు 60 కిలోమీటర్ల వేగంలోనే, ఊరవతల వంపుల రోడ్డు మీదే దాని ఆనందం దొరుకుతుంది. 200 కిలోమీటర్ల వేగానికి చేరితేగాని రంజింపజేయని కారు మామూలు మనిషి జీవితంలో ఎప్పుడు పనికొస్తుంది? 2000లోనే అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ పుస్తకం దీన్ని గుర్తించింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది.

నాలుగో తరం వచ్చేసరికి ఎయిర్ బ్యాగులు, భద్రతా నియమాలు, సౌకర్యాలు పెరిగి అన్ని కంపెనీల కార్లూ బరువెక్కాయి. 2015 రోడ్‌స్టర్‌ను మాత్రం జపాన్‌లో 1500 సీసీ ఇంజన్‌తో 990 కిలోలకే తెచ్చారు. ఒక్కో భాగంలో గ్రాముల లెక్కన కోసుకుంటూ పోవడం ఈ కంపెనీలో పద్ధతి. వెనక చూసే అద్దం నుంచి కూడా బరువు తగ్గించిన మనుషులు వీళ్లు. 2016లో ప్రపంచ మేటి కారు, మేటి డిజైన్ పురస్కారాలు రెండూ ఆ కారుకే దక్కాయి.

ఈ విద్య స్పోర్ట్స్ కారుతో ఆగి ఉంటే నేను ఇంతగా మెచ్చుకునేవాణ్ణి కాదు. పిల్లలను బడిలో దింపే మాజ్దా3లో, సీఎక్స్-5లో కూడా అదే కనిపిస్తుంది. ముందు చక్రాలను కాస్త ముందుకు జరిపి, పెడల్స్ కాళ్లకు తిన్నగా ఎదురయ్యేలా అమర్చారు. 2016 నుంచి మరో చిన్న కిటుకు చేర్చారు. స్టీరింగ్ తిప్పగానే ఇంజన్ బలం దానంతటదే రవ్వంత తగ్గుతుంది. దాంతో బరువు ముందు చక్రాల మీదకు వాలి టైరు పట్టు పెరుగుతుంది, లోపల కూర్చున్నవాళ్ల తలలు ఊగడం తగ్గుతుంది. నడిపేవాడికి ఈ సంగతి తెలియను కూడా తెలియదు.

లోపాలు ఉన్నాయి. రోటరీకి ఆయిలు కావాలి, పెట్రోలూ ఎక్కువ కావాలి. పొగ నియమాలను అందుకోలేక ఆర్ఎక్స్-8 తయారీ 2012లో ఆగిపోయింది. 2023లో రోటరీ తిరిగొచ్చినా ఎంఎక్స్-30లో కరెంటు పుట్టించే జనరేటరు పనికే పరిమితమైంది. రోడ్‌స్టర్‌లో పొడుగు మనిషి ఇరుక్కుని కూర్చోవాలి, డిక్కీలో రెండు సంచులు పడితే గొప్ప. ఇవన్నీ తెలిసే జనం దాన్ని కొంటున్నారు. తొలి తరం రోడ్‌స్టర్లను తానే పునరుద్ధరించి ఇచ్చే పథకాన్ని కంపెనీ జపాన్‌లో మొదలుపెట్టడం నాకు మరీ నచ్చిన విషయం.

విదేశాల్లో కారు కొనబోతున్న మన పిల్లలకు ఒక మాట. కాగితం మీద గుర్రాల సంఖ్య చూసి సరిపెట్టుకోకండి. టెస్ట్ డ్రైవ్‌కు హైవే వద్దు, మలుపులున్న రోడ్డుకు తీసుకెళ్లండి. స్టీరింగ్ చేతికి ఏం చెబుతోందో గమనించండి. అణుబాంబు స్మారకం చూడటానికి హిరోషిమా వెళ్లేవాళ్లు ఇంకో పూట చేతిలో ఉంచుకోండి. హిరోషిమా స్టేషన్ నుంచి రైల్లో రెండో స్టేషన్ ముకైనదా, మాజ్దా మ్యూజియం అక్కడే ఉంది. చూడాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి.